బాబు వాళ్ళమ్మ పేరేమిటి?

(సారపాకలో జరిగిన స్త్రీల మైత్రి కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం “తల్లి – ఆమె బాధ్యతలు”. అధ్యక్షురాలి అనుమతితో దానిని కొంచెం మార్చుకొని “తల్లి – ఆమె పేరు” అన్న అంశం మీద మాట్లాడదలచుకొన్నాను. బాధ్యతల గూర్చి మనకు చెప్పనివారెవరు? పుట్టింటివారు చెప్పారు, అత్తింటివారు చెప్పారు, పక్కింటివారు అడగకుండానే చెప్పారు. మన పేరు గూర్చి మాత్రం ఎవరూ గుర్తుచేయరు. ఇప్పుడే హాజరు పుస్తకం చూసి వచ్చాను. అందులో మన మైత్రి సభ్యులు ఎలా ఉన్నారో తెలుసా? “చిన్నోడి అమ్మ”, “టీచరుగారి భార్య”, “ఫలానా వారి కోడలు”. సొంత పేరుతో ఉన్నవారు సగం మంది కూడా లేరు. ఇది రాసినవారి తప్పు కాదు. రాసేటప్పుడు మనమే అలా చెప్పాము. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. ఆ సంగతి ముందుగా మనవి చేస్తాను.

నాకు చిన్నప్పటి నుండి చెట్లంటే ఇష్టం. డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకొన్నాను. ఆకులు, పూలు తెచ్చి పాత దినపత్రికల మధ్య పెట్టి, మీద బరువు పెట్టి ఎండబెట్టి, మందపాటి కాగితానికి అతికించి, కింద పేరు, తెచ్చిన చోటు, తేదీ రాసేదాన్ని. ఇంట్లో అందరూ దానిని “ఎండుటాకుల పుస్తకం” అని నవ్వేవారు. రెండో సంవత్సరంలో ఉండగా, 1984లో, పెళ్ళయింది. చదువు అక్కడే ఆగింది. మరుసటి ఏడు కాపురానికి సారపాక వచ్చాను. 1979లో ఇక్కడ కాగితపు మిల్లులో ఉత్పత్తి మొదలయింది. మావారిది అందులో ఉద్యోగం. నా సారెతో పాటు ఆ పుస్తకం కూడా ట్రంకుపెట్టెలో వచ్చింది. ఇల్లు సర్దుకొన్నాక ఈ అడవి ఆకులు కూడా చేర్చవచ్చునని నా ఆశ.

1986 ఆగస్టు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అంత మట్టం అంతకు ముందు ఎవరూ చూడలేదు, ఆ తరువాత ఇంతవరకు రాలేదు. మేము పల్లంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అబ్బాయికి మూడో నెల. రాత్రివేళ బిడ్డను, బియ్యం మూటను తీసుకొని మెరకకు వెళ్ళిపోయాము. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే ఇంట్లో మోకాలి లోతు బురద. ట్రంకుపెట్టె తెరిచాను. ఆకులు, కాగితాలు కలిసి ఒకే ముద్ద అయిపోయినవి.

అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి “బిడ్డ దక్కాడు, అది చాలమ్మా” అన్నది. ఆమె మాట నిజం. ఊళ్ళో ఎందరో గొడ్డూ గోదా పోగొట్టుకొని కూర్చొని ఉంటే, నేను ఎండుటాకుల కోసం ఏడ్వగలనా? ఏడ్వలేదు. ఆ ముద్దను తీసికెళ్ళి బయట బురదలోనే పారవేశాను. అయితే “అది చాలు” అన్నమాట ఆ వరదతో ఆగిపోలేదు. తరువాత పన్నెండేళ్ళపాటు నేనే దానిని నాకు చెప్పుకొన్నాను. పుస్తకం చదవాలనిపిస్తే, బిడ్డలున్నారు, అది చాలు. గట్టు మీద కొత్త పువ్వు కనిపిస్తే, పాలవేళయింది, అది చాలు. మా అమ్మాయి 1990లో పుట్టింది. అప్పటికి నన్ను పేరు పెట్టి పిలిచేవారు ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. మావారు “ఏమేవ్” అనేవారు. మిగతా అందరికీ నేను బాబు వాళ్ళమ్మను. ఆ పిలుపు నాకు ఇష్టమే. ఇప్పటికీ ఇష్టమే. అయితే ఇంటికి ఒక్కటే గది ఉన్నట్టు, నాకు ఆ పిలుపు ఒక్కటే మిగిలింది.

అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఒకరోజు బజారులో రోడ్డు పక్కన ఒక కోయ తల్లి చారపప్పు అమ్ముతున్నది. వీపున బిడ్డ నిద్రపోతున్నది. ఆమె పప్పు కొలిచి ఆకు దొప్పలో పోసి ఇచ్చింది. దొప్ప చేతిలోకి తీసుకోగానే నా నోటి నుండి “బ్యూటియా మోనోస్పెర్మా” అన్న మాట వచ్చింది. అది మోదుగకు శాస్త్రం పెట్టిన పేరు. ఎనిమిదేళ్ళుగా నేను పలకని పేరు అది. ఆమె “ఏందమ్మా?” అన్నది. “ఏమీ లేదు, మోదుగాకు” అన్నాను. డబ్బు చూసుకొంటే రెండు రూపాయలు తక్కువయినవి. “వచ్చే వారం ఇస్తాను” అన్నాను.

“ఎవరినని అడగాలె? నీ పేరేంది?”

“బాబు వాళ్ళమ్మ అని అడుగు, ఎవరైనా చెబుతారు.”

ఆమె నవ్వింది. “బాబులు ఊరంతా ఉన్నరమ్మా. ఆకు చూసి దాని పేరు చెప్పినవ్, నీ పేరు చెప్పలేవా?”

ఆమె నాకు బోధ చేయాలని అడగలేదు. తన రెండు రూపాయల అప్పు గుర్తు పెట్టుకోవడానికి అడిగింది. అయినా ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చొన్నాక చారపప్పు సంగతి మరచిపోయాను, ఆ ప్రశ్న మాత్రం మరువలేకపోయాను. అప్పు తీర్చడానికి మరుసటి వారం వెళ్ళాను. ఆ తరువాత అప్పు లేకపోయినా వెళ్ళాను. ఆమె, ఆమెతో వచ్చే ఇతర తల్లులు ఏ ఆకు దేనికి వాడతారో చెప్పేవారు. నేను పాత లెక్కల పుస్తకం వెనుక రాసుకొనేదాన్ని.

సోదరీమణులారా, నాకు అప్పుడు ఏమి జరిగిందో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఇప్పుడు కొన్ని ఉన్నవి. 1973లో డానా రాఫేల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త ఒక సంగతి చెప్పారు. బిడ్డ పుట్టిన రోజున తల్లి కూడా పూర్తిగా తయారై పుట్టదు. బాలిక యువతి కావడానికి కొన్నేళ్ళు పట్టినట్టే, స్త్రీ తల్లి కావడానికి కూడా కాలం పడుతుంది. ఆ కాలంలో శరీరం మారుతుంది, మనసు మారుతుంది, ఇంట్లో ఆమె స్థానం మారుతుంది. ఆమె దానికి ‘మెట్రసెన్స్’ అని పేరు పెట్టారు. యౌవనంలో అడుగుపెట్టే పిల్ల చిరాకుపడితే “వయసు, సర్దుకొంటుంది” అంటాము. బాలింత చిరాకుపడితే “ఇదేం తల్లి?” అంటాము. రెండూ ఎదుగుదలలే కదా!

2016 డిసెంబరులో స్పెయిన్‌లో పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు మరో సంగతి ప్రకటించారు. గర్భం దాల్చక ముందు, ప్రసవించిన తరువాత స్త్రీల మెదడుకు చిత్రాలు తీసి పోల్చి చూశారు. ఎదుటివారి మనసును గ్రహించడానికి తోడ్పడే భాగాలలో మార్పులు కనిపించినవి. రెండేళ్ళ తరువాత చూసినా ఆ మార్పులు చాలావరకు నిలిచే ఉన్నవి. అంటే “నేను మునుపటి మనిషిని కాను” అని ఒక తల్లి అంటే అది మాటవరసకు అన్నది కాదు. ఆమె నిజంగానే మునుపటి మనిషి కాదు. అందుచేత మునుపటి తనను వెదికి తెచ్చుకోవడం కుదరదు. ఇప్పుడున్న తనకు ఏది ఇష్టమో కొత్తగా తెలుసుకోవలసి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అలసట, చిరాకు వేరు. రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం, బ్రతుకు వద్దనిపించడం వేరు. అది జబ్బు. దానికి వైద్యం ఉన్నది. దానిని దయ్యం అనకండి, దిష్టి అనకండి, విశ్వాసం తక్కువయిందని కూడా అనకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలీ మానస్ అనే సహాయాన్ని ప్రారంభించింది. 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మన తెలుగునాట ఈ దారిన నడిచిన తల్లులను కొందరిని తలచుకొందాము.

మనకు దగ్గరలోని పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొంటుంటే పక్కన కూర్చొని చదువు నేర్చుకొన్నారు. కన్న బిడ్డలను ఇద్దరినీ పోగొట్టుకొన్నారు. ఆ దుఃఖంలో ఉన్న స్త్రీకి ఆ రోజులలో మూల గది తప్ప ఏమున్నది? ఆమె మాత్రం స్త్రీల చరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1902లో ‘ధనత్రయోదశి’ అనే కథ రాశారు. ఆ ఏడే బందరులో స్త్రీ సమాజ స్థాపనలో పాలుపంచుకొన్నారు. 1905లో, ముప్పై ఒక్క ఏళ్ళ లోపే, కన్నుమూశారు. తన బిడ్డలు మిగలని తల్లి ఇతర స్త్రీల పేర్లు మిగిలేటట్లు చేసింది.

భానుమతిగారిని ఎరుగనివారు లేరు. 1943లో పి. ఎస్. రామకృష్ణారావుగారిని పెళ్ళి చేసుకొన్నాక సినిమాలు మానుకోవాలని అనుకొన్నారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’ ఆమెను మళ్ళీ తెర మీదికి తెచ్చింది. కుమారుడు భరణి పేరు మీద భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. 1953లో ‘చండీరాణి’కి ఆమే దర్శకత్వం వహించారు, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషలలోనూ. అటుపైన ‘అత్తగారి కథలు’ రాసి మనందరినీ నవ్వించారు. ఒకటి గమనించండి. బిడ్డ పేరు సంస్థకు పెట్టారు, తన పేరు తాను ఉంచుకొన్నారు. రెండూ ఒకే ఇంట్లో ఇమిడినవి.

వారికి డబ్బు ఉన్నది, తోడ్పాటు ఉన్నది అంటారు. నిజమే. అయితే నెల్లూరు జిల్లా దూబగుంటను చూడండి. అక్కడి తల్లులు 1990ల మొదట్లో పగలు కూలి చేసి, రాత్రి వయోజన విద్యా తరగతికి వెళ్ళారు. తన పేరు తాను రాసుకోవడం నేర్చుకొన్న చేతులే సారా దుకాణం మూయించినవి. రోశమ్మగారి పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఊరూరా తల్లులు లేచారు. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దే గంట పిల్లల నుండి దొంగిలించిన గంట అని ఎవరైనా అనగలరా? ఆ గంట వలన లాభపడినది ఆ పిల్లలే.

మన అధ్యక్ష మండలం వరకు వస్తే, అజరయ్య తిరుమేనిగారు 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందారని మన పిల్లలు కూడా చెబుతారు. వారి సతీమణి పేరు అడిగితే ఎందరు చెప్పగలరు? అన్బుగారు. దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1898లో వివాహం. బిడ్డల తల్లి అయి కూడా, పరాయి భాష నేర్చుకొని, దోర్నకల్‌లో స్త్రీల పనికి నాయకత్వం వహించారు. ఇక తిమోతి తల్లి యునీకే, అవ్వ లోయి. పౌలు ఉత్తరం రాస్తూ “మీ అమ్మ, మీ అవ్వ” అని ఊరుకోలేదు. ఇద్దరినీ పేరు పెట్టి తలచాడు. మనకు ఆ మర్యాద కొత్తది కాదు, మరచిపోయాము, అంతే.

నా సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. 1991 నుండి దానికి అంబేడ్కర్ గారి పేరు ఉన్నది. ఇంట్లో ఉండి చదువుకొనేవారి కొరకే అది వచ్చింది. అమ్మాయికి ఎనిమిదేళ్ళు వచ్చాక, 1998లో, నేను మళ్ళీ వృక్షశాస్త్రంలో చేరాను. ఒక చిక్కు వచ్చింది. తరగతులు ఆదివారం. ఆదివారం నేను ఆరాధనలో కనిపించకపోతే పెద్దలు ఊరుకొంటారా? “ఈ వయసులో చదువేమిటి, పిల్లలను వదిలి?” అన్నారు. మరొకరు “ఉద్యోగం చేసేదా, ఊళ్ళేలేదా?” అన్నారు. అన్నింటికంటె నొప్పి కలిగించినది, అలా అన్నవారిలో ఎక్కువమంది స్త్రీలు. వారి మీద ఇప్పుడు నాకు కోపం లేదు. వారికి ఎవరూ ఇవ్వని గంటను నేను తీసుకొన్నాను. చూసి ఓర్చుకోవడం కష్టమే.

పరీక్ష రోజున అమ్మాయికి జ్వరం వచ్చింది. వెళ్ళాలా, మానాలా? మావారు “నువ్వు వెళ్ళు, నేను ఉంటాను” అన్నారు. వెళ్ళాను. పరీక్ష హాలులో సగం సేపు జ్వరం గూర్చే ఆలోచించాను. ఆ పేపరు తప్పాను. ఇంటికి వస్తే జ్వరం తగ్గి, తండ్రి పెట్టిన జావ తాగి అమ్మాయి నిద్రపోతున్నది. మరుసటి ఏడు ఆ పేపరు మళ్ళీ రాశాను. మూడేళ్ళ డిగ్రీ అయిదేళ్ళు పట్టింది. ఉద్యోగం రాలేదు, వస్తుందని చదవలేదు కూడా. ఏమి లాభం అని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఒక్కటే. సాయంత్రం చెట్టు కింద నిలబడితే నాకు పొద్దు తెలియదు. అంతవరకు నాకు రోజంతా పొద్దు తెలిసేది.

పోయిన పుస్తకం మళ్ళీ రాలేదు. దానికి బదులు ఇంకొకటి మొదలుపెట్టాను. అది పాతదానివలె లేదు. కాలేజీలో నేను ఆకు పేరు, తేదీ మాత్రమే రాసేదాన్ని. ఇప్పుడు తెలుగు పేరు, కోయ పేరు, శాస్త్రం పెట్టిన పేరు, ఏమి ఉపయోగం, చివరి గడిలో ఆ సంగతి చెప్పిన తల్లి పేరు. తునికి ఎదుట ఒక పేరు, ఇప్ప ఎదుట ఒక పేరు, నల్లమద్ది ఎదుట ఒక పేరు. ఆకు కంటె ముందు వారి పేరు అడుగుతాను. నాకు ఒకరు నేర్పిన పాఠం అది.

ఆ తల్లుల బ్రతుకు గూర్చి మనం పాటలు కట్టి మురిసిపోనవసరం లేదు. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారక ముందే ఇప్పపువ్వు ఏరడానికి, ఎండలు ముదిరాక తునికాకు కోయడానికి బిడ్డను వీపున కట్టుకొని వెళతారు. యాభై ఆకులు ఒక కట్ట. అలా ఎన్ని కట్టలు కడితే ఆ రోజు కూలి గిట్టుతుందో వారికే తెలుసు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన చట్టం సంస్థలలో జీతానికి పనిచేసేవారి కొరకు వచ్చింది, అడవిలో ఆకు కోసే తల్లి దాకా రాలేదు. ఆమెకు తీరిక లేదు, సుఖం లేదు. అయినా తనకు తెలిసిన విద్యను బిడ్డ పుట్టినదని మూట కట్టి అటక మీద పెట్టలేదు. వీపు మీది బిడ్డ ఆ విద్యను చూస్తూ పెరుగుతుంది. నాకు ఆమెలో నచ్చినది అది.

తీరిక గూర్చి ఒక లెక్క చెబుతాను. 2019లో కేంద్ర ప్రభుత్వం జనం తమ రోజును ఎలా గడుపుతారో దేశమంతటా సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు చేసేవారని అందులో తేలింది. అటువంటి పని చేసే పురుషులు 97 నిమిషాలు. పిల్లలను, ముసలివారిని కనిపెట్టి ఉండటం దీనికి అదనం. రెండింటికీ తేడా మూడు గంటలకు పైన. కాబట్టి “మనసు ఉంటే సమయం దొరుకుతుంది” అని తల్లికి చెప్పడం చాలదు. సమయం దొరకదు. ఎవరో ఒకరు ఇవ్వాలి. మా ఇంట్లో ఆదివారం వంట మావారు చేయబట్టి నేను చదివాను. మొదటి నెల అన్నం మాడింది. మాడిన అన్నమే తిన్నాము, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడే సంగతి చెబుతాను. ఇంత నేర్చుకొన్న నేను నిరుడు ఏమి చేశానో వినండి.

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. చిన్నప్పటి నుండి షటిల్ ఆట అంటే ప్రాణం. నిరుడు బిడ్డను కన్నది. ఆరో నెలలో ఫోను చేసి “అమ్మా, అద్దంలో చూసుకొంటే నేనెవరో నాకే తెలియడం లేదు. వారానికి ఒక్కరోజు ఆడుకొని వస్తే బాగుండుననిపిస్తున్నది” అన్నది. నేను వెంటనే ఏమన్నానో తెలుసా? “ఇప్పుడు ఆటలేమిటమ్మా! బిడ్డ ఆరోగ్యంగా ఉన్నాడు, అది చాలు. పెరిగాక చూసుకోవచ్చు” అన్నాను. అత్తయ్య గొంతు నా గొంతులో నుండి వచ్చింది.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అడిగింది, “అమ్మా, నీ ఎండుటాకుల పుస్తకం నీళ్ళపాలయినప్పుడు నీకు కూడా ఇదే చెప్పారు కదా? నువ్వు ఎన్నేళ్ళు ఆగావు?”

పన్నెండేళ్ళు. మరుసటి రోజు బస్సెక్కాను.

వెళ్ళి నేను చేసినది ఒకటే. రోజూ సాయంత్రం ఒక గంట మనవడిని నా ఒళ్ళోకి తీసుకొని “వెళ్ళు” అన్నాను. ఎక్కడికని అడగలేదు. మొదటి వారమంతా ఆ గంట అమ్మాయి నిద్రపోయింది. రెండో వారం ఊరికే వీధి చివరి వరకు నడిచి వచ్చింది. మూడో వారం కూడా అంతే. నాలుగో వారం బ్యాటు దులిపింది. ఆ రోజు తిరిగి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చింది. “ఊపిరి అందడం లేదమ్మా, నాకంటె చిన్నపిల్లలు ఓడించారు” అన్నది. నేను “అది చాలు” అనలేదు. “మునుపటివలె ఉండదు, మళ్ళీ వెళ్ళు” అన్నాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళుతుంది. అల్లుడు ఆ రెండు రోజులు తొందరగా ఇంటికి వస్తాడు. ఇంకా ఓడిపోతూనే ఉన్నదట. ఫోనులో ఓడిపోయిన సంగతి చెబుతూ నవ్వుతున్నది. ఆ నవ్వు మా అమ్మాయిదే. ఆరు నెలలు అది నాకు వినిపించలేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. 2022 జూలైలో గోదావరి మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. 1986 తరువాత అంత నీరు మళ్ళీ చూడలేదు. బూర్గంపాడు రోడ్డు మునిగింది, మైకులలో చెబుతున్నారు. నేను మందులు, కాగితాలు, ఆధార్ కార్డులు సర్దుతున్నాను. నా ఆకుల పుస్తకం కోసం అలమర తెరిస్తే అది అక్కడ లేదు. గుండె ఝల్లుమన్నది. వెనక్కి తిరిగి చూస్తే, మావారు దానిని రెండు ప్లాస్టిక్ సంచులలో చుట్టి, అన్నింటికంటె ముందే తమ చేతి సంచిలో పెట్టుకొని కూర్చొని ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. ముప్పై ఆరేళ్ళ కిందట పారవేసిన ముద్దకు అప్పుడు ఏడ్చాను.

కనుక నా మనవులు మూడు. ఒకటి, రేపటి నుండి హాజరు పుస్తకంలో ప్రతి తల్లి సొంత పేరు రాయండి. సంచికలో వేసే బొమ్మల కింద కూడా “ఫలానా వారి సతీమణి” అని మాత్రమే గాక ఆమె పేరు వేయండి. రెండు, మన మైత్రిలో పిల్లలు పెద్దవారైన మనం వంతులు వేసుకొని వారానికి ఒక గంట బాలింతల బిడ్డలను పట్టుకొందాము. ఆ గంట ఆమె ఏమి చేసిందని లెక్క అడగవద్దు. నిద్రపోయినా సరే. మూడు, కూతురితోగాని కోడలితోగాని “పిల్లలు పెరిగాక చూసుకోవచ్చు” అని చెప్పబోయినప్పుడు ఒక్కసారి ఆగుదాము. అది మనం ఎవరి నుండి నేర్చుకొన్న మాటో గుర్తు తెచ్చుకొందాము.

చివరగా, కూటం ముగిసి బయటికి వెళ్ళేముందు మీ పక్కన కూర్చొన్న తల్లిని ఆమె పేరు అడగండి. తరువాత ఆమెకు ఏమి చేయడం ఇష్టమో అడగండి. ఆమె వెంటనే చెప్పలేకపోవచ్చు. తొందరపెట్టకుండా కాసేపు ఆగండి. బిడ్డ పేరు ఆ తరువాత అడగవచ్చు.